పాత కంప్యూటర్‌కు కొత్త కాపలా

పక్షవాతం వచ్చిన తర్వాత మా ఆయన నోట్లో రెండు మాటలే మిగిలాయి. ఒకటి ‘అవ్’, రెండోది ‘జల్దీ’. మంచినీళ్లు కావాలన్నా జల్దీ, ఫ్యాను ఆపమన్నా జల్దీ. వద్దని చెప్పాల్సిన చోట కూడా అవ్ అనే వచ్చేది. తప్పు మాట వచ్చిందని ఆయనకు వెంటనే తెలిసిపోయేది. ఎడమ చేత్తో నుదురు కొట్టుకునేవాడు. ఖమ్మం దవాఖానాలో డాక్టరు, “ఆలోచన లోపల ఉంటదమ్మా, అది మాటై బయటికి వచ్చే తొవ్వ దెబ్బతిన్నది” అన్నాడు. లోపల ఎంత ఉంది, ఎంత పోయింది అని అడిగితే, అది ఎవరూ చెప్పలేరన్నాడు.

మాది దుమ్ముగూడెం. పుట్టిన ఊరు కాదు, బతుకుదెరువుకు వచ్చిన ఊరు. ఆయనది బొగ్గుబాయి కుటుంబం. కొత్తగూడెంలో కార్మికుల క్వార్టర్లలో పెరిగాడు. బాయి దిగి పనిచేసిన వాళ్ల నాన్న, కొడుకు మాత్రం వెలుతురులో కూర్చుని పని చేసుకోవాలని పట్టుబట్టి ఖమ్మంలో కంప్యూటర్లు బాగుచేసే కోర్సులో చేర్పించాడు. నాది కారేపల్లి దగ్గర పల్లె. ఇంటర్ చదివి టైపు నేర్చుకున్నాను. పెళ్లయ్యాక, ఇంకా ఎవరూ షాపు పెట్టని ఊరు చూసుకుందామని గోదావరి దాటి ఇటువైపు వచ్చాం. రోడ్డు మీద ఒక గది కిరాయికి తీసుకున్నాం. నేను టైపు, జిరాక్సు, దరఖాస్తులు చూసుకునేదాన్ని. ఆయన విప్పడం, బిగించడం చూసుకునేవాడు.

పని చేస్తున్నంతసేపూ మాట్లాడేవాడు ఆయన. మనుషులు లేకపోతే మిషన్లతోనే మాట్లాడేవాడు. “ఏందే, పొద్దుపొద్దునే అలిగినవా? ఏం జేసిన్రు నిన్ను?” అంటూ మూత విప్పేవాడు. చర్ల దాకా, పర్ణశాల దాకా బండి మీద పోయి బడుల్లో, హాస్టళ్లలో, పంచాయితీ ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేసి వచ్చేవాడు. తిరిగొచ్చాక ఆ రోజు ఏ మిషన్‌కు ఏం రోగమో అన్నం తింటూ నాకు చెప్పేవాడు. నేను సగం వినేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఆ కబుర్లే ఉండేవి.

షాపులో మూడు కంప్యూటర్లు ఉండేవి. రెండు సెకండ్‌హ్యాండ్‌వి. మూడోది ఆయన చేత్తో తయారైంది. డబ్బా ఒక చోట, బోర్డు ఒక చోట తెచ్చుకుని, ఒక ఆదివారమంతా నేల మీద చాప పరుచుకుని బిగించాడు. దాన్ని పెద్ద మిషన్ అనేవాళ్లం. తర్వాత ఒక బ్యాంకు తరఫున వేలిముద్రల పని కూడా మాకే వచ్చింది. అడవి పల్లెల వాళ్లు భద్రాచలం దాకా పోయే పని లేకుండా, మా దగ్గరే వేలు పెట్టి తమ డబ్బులు తీసుకునేవాళ్లు. ఆ పనంతా పెద్ద మిషన్ మీదే.

ఒక సాయంత్రం ఆయన బల్ల కింద దూరి వైరు లాగుతున్నాడు. స్క్రూడ్రైవర్ కింద పడిన చప్పుడైంది. తీసుకోలేదు. “ఏమైందయ్యా?” అన్నాను. వంగి చూస్తే నోరు ఒక పక్కకు పోయి ఉంది. కళ్లు మాత్రం నా వైపే చూస్తున్నాయి. భద్రాచలం తీసుకుపోయాం, అక్కడి నుంచి ఖమ్మం. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పోయింది. కుడి కాలు ఈడుస్తూ, కర్ర సాయంతో నడిచేదాకా వచ్చాడు. మాట మాత్రం రాలేదు.

ఇంట్లో ఉండమంటే ఉండేవాడు కాదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి జల్దీ, జల్దీ అనేవాడు. ఆటోలో షాపుకు తీసుకొచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. రిపేర్లు ఆగిపోయాయి. అయినా తెలిసిన వాళ్లు వచ్చి “బాగున్నవా సార్?” అంటే అవ్ అనేవాడు. ఆ ఒక్క చోట ఆ మాట సరిగ్గా సరిపోయేది.

అలా రెండో ఎండాకాలం వచ్చింది. బ్యాంకు పనులు చూసే ఏజెన్సీ నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు.

“మేడం, మీ సిస్టంల టీపీఎం, సెక్యూర్ బూట్ రెండు ఆన్ ఉండాలె. లేకుంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కది. వచ్చే నెల పాతది బంద్.”

“అవేంది సార్?”

“సెక్యూరిటీ మేడం. కొత్త కంప్యూటర్లల్ల అదే వస్తది. మీది పాతదైతే మార్చుకోండ్రి.”

మార్చుకునే స్థితిలో లేము. రాత కోతలన్నీ పక్కన పెట్టి ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. కంప్యూటర్ లేచేటప్పుడు, దాని సొంత ప్రోగ్రాం కంటే ముందు ఏదైనా దొంగ ప్రోగ్రాం లోపలికి దూరవచ్చు. అలా దూరకుండా గుమ్మంలో నిలబడి ముఖాలు చూసి పంపే కాపలా సెక్యూర్ బూట్. టీపీఎం అనేది తాళాలు దాచుకునే చిన్న పెట్టె లాంటిది. బోర్డులోనే ఉంటుంది. మా సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు రెండింటిలో అది అసలు లేదు. పెద్ద మిషన్‌లో రెండూ ఉన్నాయి, ఆన్ చేసి లేవంతే. వీడియోలో మనిషి, రెండు నిమిషాల పని అన్నాడు.

మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు మొదలుపెట్టాను. ఆన్ చేసి డిలీట్ బటన్ నొక్కుతూ ఉంటే సెట్టింగుల నీలం తెర వచ్చింది. ఆ తెరలోకి నేను ఎప్పుడూ ఒంటరిగా పోలేదు. ఏది ముట్టుకుంటే ఏమవుతుందో అని ఆయనే పోనిచ్చేవాడు కాదు. వీడియో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ టీపీఎం వెతికి ఆన్ చేశాను. పాత పద్ధతిలో లేచే ఏర్పాటును ఆపేశాను. సెక్యూర్ బూట్ ఆన్ పెట్టాను. సేవ్ చేశాను.

ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉండిపోయింది. కాసేపటికి డబ్బాలోంచి ఒక పొడుగు కూత, దాని వెనకే పొట్టి కూతలు వచ్చాయి. ఆపి మళ్లీ వేశాను. మళ్లీ అవే కూతలు. డిలీట్ నొక్కినా నీలం తెర రాలేదు. చేసింది సరిదిద్దుకుందామన్నా కనబడితేగా.

కిటికీలోంచి రోడ్డు చూస్తున్న మా ఆయన తల తిప్పాడు. ఆ కూత విన్నప్పుడు ఆయన ముఖం మారింది. చాలా నెలలుగా చూడని ముఖం అది. ఒంట్లో బాగున్న రోజుల్లో మిషన్ ముందు కూర్చుంటే ఉండే ముఖం. కర్ర పట్టుకుని లేచి, కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. ముందు ప్లగ్గు వైపు చెయ్యి చూపించాడు. తీసేశాను. తర్వాత డబ్బా మూత మీద కొట్టాడు. స్క్రూలు విప్పాను. ఎడమ చేతి వేలు లోపల పెట్టి ఒక చోట ఆపాడు.

“ఇదా? ఈ కార్డా? తియ్యాల్నా?”

“అవ్.”

“దుమ్ము తుడవాల్నా?”

“అవ్.”

“ఫ్యాన్ పోయిందా?”

“అవ్,” అని నుదురు కొట్టుకున్నాడు.

మళ్లీ అదే చోట వేలు పెట్టాడు. అక్కడ కార్డు ఉంది, కార్డు మీద ఫ్యాన్ ఉంది, ఫ్యాన్ మీద దుమ్ము ఉంది, కిందుగా వైరు పోతోంది. ఏదో ఒకటి అయి ఉంటుంది. నేను ఒక్కొక్కటే అడుగుతున్నాను, ఆయన అన్నిటికీ అవ్ అంటున్నాడు. చివరికి తనే ఆ కార్డు పట్టుకుని లాగబోయాడు. అది ఒక చేత్తో వచ్చేది కాదు. వెనక చిన్న లాకు ఉంటుంది, దాన్ని ఒక చేత్తో నొక్కి పట్టి ఇంకో చేత్తో లాగాలి. ఎడమ చెయ్యి జారింది, రేకు అంచు గీసుకుని నెత్తురు వచ్చింది. బోర్డు విరిగిపోతుందేమోనని నాకు భయం వేసింది.

“ఇడిసిపెట్టయ్యా, నేను చూసుకుంటా. నువ్వు కూసో,” అన్నాను.

చెయ్యి తీసుకున్నాడు. చీర కొంగుతో అదిమి పట్టాను. కుర్చీలోకి పోయి కూర్చుని ఏడ్చాడు. శబ్దం లేదు. ముఖం కిటికీ వైపే పెట్టుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను దగ్గరికి పోలేదు. పోతే నేనూ ఏడుస్తాను, రోడ్డు మీద పోయేవాళ్లంతా చూస్తారు.

మరునాడు షాపు తెరిచాను గానీ బ్యాంకు పని లేదు. ఆ సంగతి తెలియక ఒక అవ్వ వచ్చింది. అడవిలో లోపలి పల్లె ఆమెది. కోయ మనిషి. కొంత నడిచి, కొంత ఆటోలో వస్తుంది. ప్రతిసారీ పింఛను కోసం వేలు పెట్టి, అచ్చు పడక, చీరకు రుద్దుకుని మళ్లీ పెడుతుంది. ఆ రోజు ఎండకు ముఖం నల్లగా కమిలిపోయి ఉంది.

“మిషన్ పాడైంది అవ్వా. నా చేతుల్నే పాడైంది.”

“రేపు వస్తదా?”

“తెల్వది.”

అవ్వ గడప మీద కూర్చుంది. నీళ్లు ఇచ్చాను. పోటీగా ఇంకెవరూ లేరు కాబట్టి ఆమెకు భద్రాచలం తప్ప దారి లేదు. ఆ ఎండలో అంత దూరం పోలేదు. కోపం కూడా చేయలేదు. ఒళ్లో ఆకు దొన్నెలో తెచ్చిన మొర్రిపండ్లు తీసి మా ఆయన చేతిలో పోసింది. ఆయన తింటూ కూర్చున్నాడు. ఆమె వాళ్ల మేకల గురించి, ఎండిపోయిన వాగు గురించి ఆయనతో మాట్లాడుతూ ఉంది. ఆగి చూడదు, జవాబు అడగదు. తన మాట తాను చెప్పుకుంటూ పోతుంది. ఆయన మధ్యలో అవ్ అంటున్నాడు.

“గంతసేపు ఏం మాట్లాడుతున్నవ్ అవ్వా ఆయనతోని?” అన్నాను.

“నువ్వు ఊకె అడుగుతవు బిడ్డా. అదేంది, ఇదేంది, గిదా, గదా అని. అడిగితె చెప్పాలె గద. చెప్పస్తలేదాయె. నేను అడుగ. చెప్త.”

ఆమె పోయాక నాకు చాలాసేపు ఏ పనీ తోచలేదు. నిజంగానే, ఆయనతో నేను మాట్లాడడం ఎప్పుడో మానేశాను. ప్రశ్నలే వేస్తున్నాను. ఆకలైతుందా, నొస్తుందా, చలి పెడుతుందా. దవాఖానా మనుషుల లాగా.

ఖమ్మంలో ఆయనతో పాటు కోర్సు చదివిన స్నేహితుడు ఒకతను ఉన్నాడు. అక్కడే షాపు. పక్షవాతం వచ్చిన కొత్తలో చూడడానికి వచ్చి, ఆయన ముందు నిలబడలేక తొందరగా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఫోన్ లేదు. నేనే చేశాను. సంగతంతా విన్నాడు.

“చెల్లె, భయపడకు. మిషన్ సావలేదు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటది చూడు. కరెంటు తీసేసి, దాన్ని తీసి కాసేపు ఉంచి మళ్ల పెట్టు. నువ్వు మార్చినయన్ని మర్చిపోయి మొదటికొస్తది.”

అలాగే చేశాను. తెర వెలిగింది. అంత సంతోషంలోనూ ఒకటి గమనించాను. బ్యాటరీ తీయడంతో గడియారం కూడా మొదటికి పోయింది. తెర మూలన ఎన్నో ఏళ్ల కిందటి తేదీ చూపిస్తోంది. ఆయన బండి మీద చర్లకు పోయి వచ్చే రోజులవి. తేదీ తప్పుంటే ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు కాబట్టి మొట్టమొదట దాన్నే సరిచేశాను.

అప్పుడు షాపులో జిరాక్సుకు వచ్చిన ఒక బడి పంతులు ఉన్నాడు. మంచివాడే. మా ఆయన వైపు చూసి, “సార్‌కు గూడ గిట్లనే ఒక బ్యాటరీ తీసి పెట్టే సౌలతుంటే ఎంత బాగుండు” అన్నాడు. నేను అతని కాగితాలు చేతికిచ్చి పంపించేశాను. మా ఆయన విన్నాడు. విననట్టు కూర్చున్నాడు.

స్నేహితుడికి మళ్లీ ఫోన్ చేశాను. “మరి ఆ కూతలు ఎందుకొచ్చినయ్ అన్నా?”

“బొమ్మను తెరకు పంపే కార్డు ఉన్నది గద, అది మరీ పాతది. పాత పద్ధతి బంద్ చేస్తె దానికి కొత్త పద్ధతి రాదు. బొమ్మ పంపలేక కూసింది. దాన్ని తీసి పక్కన పెట్టు. బోర్డుకే ఇంకో సాకెట్ ఉంటది, తెర వైరు దానికి పెట్టు.”

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ముందురోజు ఆయన వేలు పెట్టింది ఆ కార్డు మీదే. తియ్యాల్నా అని నేను మొదట అడిగింది కూడా అదే. అవ్ అన్నాడు. ఆ మొదటి అవ్ నిజమైన అవ్ అయి ఉండొచ్చు. తర్వాతి వాటితో కలిసిపోయి దానికి విలువ లేకుండా పోయింది. లేదా ఆయన ఫ్యాన్ మీద దుమ్మునే చూపించాడేమో. ఎన్నిసార్లు తలచుకున్నా తేలలేదు. ఆయనను అడిగితే ఏమంటాడో తెలుసు.

లాకు నొక్కి కార్డు తీశాను. వైరు మార్చాను. నీలం తెరలోకి పోయి మళ్లీ అన్నీ ఆన్ పెట్టాను. ఈసారి కూతలు లేవు. తెర మీద ఒక్క వరుస వచ్చింది. బూట్ చేయడానికి డిస్క్ ఏదీ దొరకలేదని. డిస్క్ లోపలే ఉంది, తిరుగుతున్న చప్పుడు కూడా వినిపిస్తోంది. అయినా దొరకలేదంటుంది.

దానికీ స్నేహితుడే కారణం చెప్పాడు. డిస్క్‌ను పాత పద్ధతిలో గీసి అరలు చేశారు, కొత్త కాపలా ఆ గీతలను గుర్తుపట్టదు. సెట్టింగులు వెనక్కి పెట్టి, కంప్యూటర్‌ను పాత పద్ధతిలో లేపి, డిస్క్‌ను కొత్త పద్ధతికి మార్చే ఆదేశం ఇవ్వాలి. అతను అక్షరం అక్షరం చెప్తుంటే టైపు చేశాను. కుదరదంది.

“అరలు ఎక్కువున్నయా చెల్లె?”

“సీ, డీ, ఈ, ఎఫ్.”

“అదే మరి. మీ ఆయన చేసిండు గద, గట్లనే ఉంటది. ఆయనకు అన్ని వేరువేరుగ పెట్టుకునే అలవాటు. సీ తప్ప మిగిలినయ్ తీసెయ్యాలె. లోపలియి బయటి డిస్క్‌లకు కాపీ చేసుకో ముందు. తీసినంక మళ్ల రావు.”

డీ లో షాపు పనులు. ఈ, ఎఫ్ ఆయనవి. నేను ఎప్పుడూ తెరిచి చూడలేదు. తెరిచాను. ఒక్కో ఊరికి ఒక్కో ఫోల్డర్. ఫలానా బడి ప్రింటర్, ఫలానా హాస్టల్ కంప్యూటర్ అని పేర్లు పెట్టి, దానికి కావలసిన ప్రోగ్రాములన్నీ దాచి ఉంచాడు. విప్పిన ప్రతి బోర్డుకూ ఫొటో. మనుషుల ఫొటోలు ఎక్కడో గానీ లేవు. ఆ మిషన్లలో సగం ఇప్పటికి తుక్కులో పోయి ఉంటాయి. అయినా ఎవరైనా మళ్లీ వస్తారని ఉంచాడు.

కాపీ పెట్టి, ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. అవ్వ మాట గుర్తుంచుకుని, అడగకుండా చెప్పాను. మిషన్‌కు ఏమైందో, కార్డు ఎందుకు తీశానో, డిస్క్ ఎందుకు మార్చాలో అన్నీ. ఒకప్పుడు అన్నం తింటూ ఆయన నాకు చెప్పినట్టు. నా మాటల్లో తప్పులున్న చోట కనుబొమ్మలు ముడిచాడు, సరిగ్గా ఉన్న చోట తలూపాడు. చాలాసేపు అలా చెప్పాను. పక్షవాతం వచ్చాక మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది అదొక్కసారే.

చివరికి అడగక తప్పని ప్రశ్న ఒకటి మిగిలింది.

“నీ ఫైళ్లున్న ఈ, ఎఫ్ డ్రైవ్‌లు తీసేస్తున్న. కాపీ ఉంటది. తియ్యాల్నా?”

“అవ్,” అన్నాడు.

నుదురు కొట్టుకుంటాడేమోనని చూశాను. కొట్టుకోలేదు. చెయ్యి ఒళ్లోనే ఉంది. ఇష్టమై అన్నాడో, ఇక దేనికీ నుదురు కొట్టుకునే ఓపిక లేక అన్నాడో.

కాపీ అయింది. తీసేసే ముందు సరిగ్గా అయిందా లేదా చూద్దామని బయటి డిస్క్‌లో కంటికి కనిపించిన ఒక వీడియో తెరిచాను. మొదట ఒక బల్ల, బల్ల మీద విప్పిన కంప్యూటర్, రెండు చేతులు కనిపించాయి. చేతులను చూసి గుర్తుపట్టాను. అప్పుడు గొంతు వినిపించింది.

“ఇగో చూడుండ్రి బిడ్డా. ర్యామ్‌ను పట్టుకునేటప్పుడు గిట్ల అంచులు పట్టుకోవాలె. కోడిపిల్లను పట్టుకున్నట్టు. గట్టిగ పిసికితె సస్తది. వదులుగ పట్టుకుంటె ఉరుకుతది.”

వెనక ఆడపిల్లలు నవ్వుతున్నారు. ఆడపిల్లల హాస్టల్‌లో సెలవు రోజుల్లో పాఠం చెప్పడానికి పోయేవాడు, అప్పుడు ఎవరో తీసింది. ఆపుదామని మౌస్ కోసం చెయ్యి చాచాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

చివరిదాకా విన్నాం. తెరలో ఆయన రెండు చేతులూ గబగబా కదులుతున్నాయి. మాట ఆగకుండా వస్తోంది. పక్కన ఆయన పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి. ప్రతి మాటా ఆకారం దాకా వస్తోంది. కోడిపిల్ల మాట దగ్గర నవ్వాడు కూడా. వీడియో అయిపోయాక, పాఠం తర్వాతి మాట తనే చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు.

“జల్దీ,” అన్నాడు.

ఆగి, మళ్లీ ప్రయత్నించాడు. మళ్లీ అదే. ఇక ప్రయత్నించలేదు. కర్ర కోసం వెతుక్కుని బయటికి నడిచి, షాపు మెట్టు మీద రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆటో పిలిచి ఇంటికి పంపాను. డ్రైవరు మా పక్కింటి వాడే, లోపల కూర్చోబెట్టి వస్తానన్నాడు.

ఆ తర్వాత అరలు తీసేశాను. ఆదేశం మళ్లీ ఇచ్చాను, ఈసారి ఒప్పుకుంది. నీలం తెరలోకి పోయి పాత పద్ధతి ఆపేసి, సెక్యూర్ బూట్ ఆన్ పెట్టాను. తెర వెలిగింది, కూతలు లేకుండా, డిస్క్ దొరకలేదనే వరుస లేకుండా నేరుగా లోపలికి పోయింది. సూపర్‌వైజర్ చెప్పిన సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. రెండు చోట్లా పచ్చ గుర్తు వచ్చింది. పక్కన చెప్పుకోవడానికి మనిషి లేడు. ఖమ్మం స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పాను. “మావోడు ఏమన్నడు?” అని అడిగాడు. ఇంటికి పోయిండన్నాను. “ఒకసారి వస్త చెల్లె,” అన్నాడు. ఇంకా రాలేదు.

ఇంటికి పోగానే చెప్పాను. “మిషన్ లేచింది. అంతా మంచిగైంది.” తలూపాడు. నా చెయ్యి తీసుకుని కాసేపు పట్టుకున్నాడు. నేను సంతోషమే అనుకున్నాను.

మరునాడు పొద్దున గుమ్మంలో నిలబడలేదు. మంచం మీదే గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని, పక్కింటామెను చూస్తూ ఉండమని చెప్పి పోయాను. ఆ మరునాడూ అంతే. రమ్మని చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకున్నాడు. ఆ తర్వాత ఆయన షాపుకు రాలేదు.

తన గొంతు తాను వినడం వల్లనా? తను లేకుండానే మిషన్ లేవడం వల్లనా? నుదురు కొట్టుకుని కూడా నాకు చెప్పలేకపోయిన ఆ కార్డు వల్లనా? నాకు తోచింది ఇంతే. మిషన్ చచ్చి పడి ఉన్న ఆ రెండు రోజులూ ఆయన పొద్దున్నే లేచి పోవడానికి తనకే తెలిసిన పని ఒకటి ఉంది. డాక్టరును అడిగితే, ఈ జబ్బులో దిగులు మామూలే అని మాత్ర రాశాడు. వేస్తున్నాను.

అవ్వ తర్వాతి వారం వచ్చింది. వేలు చీరకు రుద్దుకుని పెట్టింది. రెండోసారికి పడింది. డబ్బులు కొంగున ముడి వేసుకుంటూ ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆయన ఏడని అడగలేదు. దొన్నె బల్ల మీద పెట్టి, “ఇంటికి తీస్కపో బిడ్డా” అంది. ఎండాకాలం అయిపోవచ్చిందని, చెట్లకు పండ్లు ఇక లేవని చెప్పింది.

ఇప్పుడు రిపేర్లు కూడా వస్తున్నాయి. చుట్టుపక్కల ఎవరు తమ పాత కంప్యూటర్లలో ఆ భద్రత ఆన్ చేసుకోబోయి తెర నల్లగా చేసుకున్నా నా దగ్గరికే తెస్తున్నారు. అశ్వారావుపేట వైపు నుంచి కూడా ఒకతను డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. ముందు బ్యాటరీ తీస్తాను, తర్వాత కార్డు చూస్తాను, తర్వాత డిస్క్. చాలావరకు లేస్తాయి. కొన్ని లేవవు, ఎందుకో నాకు తెలియదు. తెలిసిన మనిషి ఇంట్లో ఉన్నాడు.

అలాంటిది వచ్చిన రోజు ఇంటికి పోయాక, అన్నం కలిపి ముద్దలు పెడుతూ చెప్తాను. ఈ రోజు ఒక బోర్డు వచ్చింది, ఇట్లా చేసింది, నేను ఇట్లా చూశాను అని. మొదట్లో గోడ వైపే చూసేవాడు. ఈ మధ్య నా వైపు చూస్తున్నాడు. నిన్న చెప్తూ చెప్తూ ఒక చోట నేను తప్పు చెప్పానో ఏమో, కనుబొమ్మలు ముడిచాడు. ఏది తప్పో నాకు తెలియలేదు. అడగబోయి ఊరుకున్నాను. ముద్ద నోటికి అందిస్తే తిన్నాడు.